పేరు రాయని రసీదు

రెండు వందల పద్నాలుగు లోపాలు కనిపించాయి, ఒక్కొక్కటిగా చూద్దామా అని తెర అడిగింది. చూడక చేసేదేముంది, అందుకే కదా నన్నిక్కడ కూర్చోబెట్టారు. గోడ గడియారం పదకొండు దాటి మూడు నిమిషాలు చూపిస్తోంది. పన్నెండింటికి మా పాత ప్రోగ్రాం ఆపేస్తారు. ఈలోపల ఈ తెరమీది ఏఐ మా స్టేషన్ సామాన్ల గది ప్రోగ్రామంతా చదివి, దొంగలు దూరడానికి ఎక్కడెక్కడ సందులున్నాయో పట్టుకుని, ఏది ఎందుకలా ఉందో నన్నడిగి నివేదిక రాయాలి. చదవడం దాని పని, ఎందుకో చెప్పడం నా పని. ప్రయాణికులు రసీదు తీసుకుని అప్పగించి వెళ్లిన సామాన్లూ, రైలు పెట్టెల్లో మరిచిపోయిన సామాన్లూ అన్నీ ఈ గదికే వస్తాయి. ఈ గదిలో ఏది ఎందుకో తెలిసినవాళ్లలో నేనొక్కదాన్నే మిగిలాను. మిగతావాళ్లంతా ఒక్కొక్కరే వెళ్లిపోయారు, కొందరు బదిలీ మీద, కొందరు చెప్పకుండానే. నేను రిటైరయ్యాక కూడా ఏడాదికోసారి ఒప్పందం కాగితం మీద సంతకం పెడుతూ ఇక్కడే ఉన్నాను, అరల్లో సామాన్లలాగే గడువు పొడిగించుకుంటూ. మా సూపర్‌వైజరు నడుముకి ఎప్పుడూ తాళాలు వేలాడుతుంటాయి కనక వెనకాల అందరం తాళాలగుత్తి అంటాం. ఆవిడే ఉదయం కుర్చీ లాగి, "ఏమీ లేదు పెద్దమ్మా, అది అడుగుతుంది, మీరు చెప్తారు. టీ తాగినంత సేపు" అంది. టీ వచ్చింది, చల్లారింది, మీద మీగడ కట్టింది. ఇది ఇంకా గొడుగుల దగ్గరే ఉంది.

గొడుగులకు రెండు వేరువేరు పట్టికలున్నాయి, ఇది పొరపాటా అంటుంది. పొరపాటు కాదు నాయనా, తడి గొడుగులు ఒక అర, పొడి గొడుగులు ఒక అర, రెండూ కలిపి పెడితే కింద అరలో పుస్తకాల మీద నీళ్లు కారతాయి. అదే టైపు చేశాను, ఒక్కొక్క అక్షరం వెతుక్కుంటూ. అద్భుతమైన వివరణ, ధన్యవాదాలు అంది. నీ మెప్పు ఎవడిక్కావాలి, తొందరగా కానీ. తరవాత పాస్‌వర్డు చిన్నది, తరవాత ఒక తలుపు రెండుసార్లు మూశారు, తరవాత ఎవరూ వాడని గది ఒకటి ఉంది, తరవాత మళ్లీ గొడుగులు. గొడుగుల సంగతి చెప్పాను కదా అంటే, క్షమించండి, మీరు చెప్పినది నిజమే అంటుంది, రెండు నిమిషాలాగి ఇంకోవైపు నుంచి అదే అడుగుతుంది. ముప్పైనాలుగో దాని దగ్గర నేను కళ్లజోడు తుడుచుకుంటుంటే తెర ఒకసారి తెల్లబోయి, మళ్లీ వెలిగి, నమస్కారం, ఈరోజు మీకు ఎలా సహాయపడగలను అంది. కాసేపు ముట్టుకోకపోతే అంతేనట, అంతవరకు మాట్లాడినదంతా మరిచిపోతుందట. తాళాలగుత్తిని పిలిస్తే తలుపు దగ్గర్నుంచే, "మళ్లీ మొదట్నుంచి చెప్పండి పెద్దమ్మా, పాపం దానికేం తెలుసు" అని నవ్వుతూ పోయింది. పాపమట! పావుగంట ఎదురుగా కూర్చున్న మనిషిని చూసి ఎవరు మీరంటే ఎలా ఉంటుందో ఆవిడకేం తెలుసు. నాకు తెలుసు. చివరి రోజుల్లో మా అమ్మ అలాగే చూసేది, ఇంత మర్యాదగానే. కూర్చోండి, ఎవరికోసం వచ్చారు అనేది. నేను పక్కకి తిరిగి చెల్లెలివైపు చూసేదాన్ని, అది నావైపు చూసేది, ఇద్దరం నవ్వు ఆపుకుని వంటింట్లోకి పోయి ఏడ్చేవాళ్లం.

చెల్లెలి సంగతి ఇప్పుడెందుకు. పదకొండూ ఇరవైరెండు. యాభై, అరవై, తొందరగా నడు. నేను బడికి పోలేదు, చదవడం ఈ గదిలోనే నేర్చుకున్నాను. మొదట పెట్టెలమీద చీటీలు, తరవాత సామాన్లకి చుట్టిన పేపర్లు, తరవాత జనం మరిచిపోయిన పుస్తకాలు. ఎన్ని పుస్తకాలు చదివానో, ఎన్నిటికి చివర తెలియదో! సరిగ్గా పెళ్లి కుదిరే దగ్గరో, ఉత్తరం విప్పే దగ్గరో సొంతదారు వచ్చి కౌంటరు ముందు నిలబడి, ఎరుపు అట్ట పుస్తకమండీ అనేవాడు. పేజీ మడత విప్పేసి ఇచ్చేదాన్ని. ఒకాయన్ని అడిగాను, చివరికి ఆ అమ్మాయి ఏమైందండీ అని. నేనింకా చదవలేదండీ అన్నాడు. ఆ అమ్మాయి ఏమైందో నాకిప్పటికీ బెంగే. కనక ఇది చదువుతుంటే నాకు వింతగా లేదు, ఇదీ ఊరివాళ్ల సామాను చదివేదే. కాకపోతే దీనికి చివరంటే బెంగ లేదు. తొంభై, నూటపది. పొడవైన పేర్లు రాస్తే గడి పగులుతుందంటుంది. నూటపదిలో తొంభై పనికిరాని మాటలు, ఐదారు నిజం. ఆ ఐదారు నిజాలకోసం మిగతావన్నీ భరించాలి, చుట్టాలింట్లో భోజనానికి పోయినట్టు.

నూటముప్పైఏడోదానికి తెర ఎర్రబడింది. తీవ్రం అని రాసింది. ఇంతవరకు ఒక్కటీ తీవ్రం కాలేదు. 6083 అనే రసీదు అంకెకు మాత్రం ప్రోగ్రాం పేరు అడగడం లేదు అంది. మిగతా రసీదులకు, బయట ఎవరైనా మా పేజీలో అంకె వేస్తే, అప్పగించినవారి పేరు కూడా వేయాలి, రెండూ కలిస్తేనే వస్తువు ఉందో లేదో చెప్తుంది. 6083 వేస్తే అడగదు. అడగకపోవడమే కాదు, పేరు లేకుండా వచ్చారంటే లోపలి మనుషులే అయ్యుంటారనుకుని మొత్తం పుస్తకం తెరిచి ముందు పెడుతుంది, నలభైవేల మంది పేర్లు, ఇంటి చిరునామాలు, ఫోన్లు. ఇది కావాలని చేసినదా, కారణం తెలుసా అని అడిగింది. కింద రెండు గడులు, అవును, కాదు. తెలుసు. దీనికి తెలియని కారణం ఈ భూమ్మీద ఇద్దరికే తెలుసు, అందులో ఒకదాన్ని నేను.

ఇరవైరెండేళ్ల కిందటి మాట. అమ్మ పోయిన పదిహేనో రోజు. అమ్మ కుట్టుమిషన్ ఎవరికి అన్నది మా గొడవ, పైకి. నేను కుట్టను, నాకు సూదిలో దారం ఎక్కించడమే రాదు, అది కుట్టి బతికేది, ఇచ్చేస్తే పోయేది. కాని అమ్మ చివరి రాత్రి అది లేదు, ఎక్కడో పెళ్లిబట్టల పని ఉందని రెండు రోజులు పోయింది. ఆ రెండు రోజుల్లోనే అమ్మ పోయింది. నేను మిషన్ ఇవ్వనన్నాను. అమ్మ పక్కన ఉండలేనిదానివి అమ్మ మిషన్ ఎందుకే అన్నాను. మర్నాడు నేను డ్యూటీలో ఉంటే అది చెక్కపెట్టెతో సహా మిషన్ మోసుకుని ఈ కౌంటరుకే వచ్చింది. రొప్పుతోంది. ఇంట్లోంచి ఎలా తెచ్చిందో, అంత బరువు. దింపి, ఇది నీదీ కాదు నాదీ కాదు, ఇక్కడ పెడతాను, రసీదు రాయి అంది. వెనకాల ఇంకో నలుగురు నిలబడ్డారు. నాకు ఒళ్లు మండింది. చేతిలో పెన్ను, ఎదురుగా నా చెల్లెలు, నేను దాని మొహం చూడకుండా, కొత్తవాళ్లని అడిగినట్టు అడిగాను.

"అప్పగించేవారి పేరు చెప్పండి."

ఆ మాట ఇప్పటికీ నా నోట్లో ఉంది, నమలలేను, ఉమ్మలేను. అది నావైపు చాలాసేపు చూసింది. వెనకాలవాడు, తొందరగా కానివ్వండమ్మా, రైలుకి టైమైంది అన్నాడు.

"తెలియకపోతే రాయకక్కా" అంది. "ఖాళీగా వదిలెయ్. నేనొచ్చి తీసుకుంటాలే."

రాయలేదు. పంతానికి పోయి నిజంగానే గడి ఖాళీగా వదిలేసి అంకె వేసి, కాగితం సగానికి చింపి సగం దాని చేతిలో పెట్టాను. రెండో ప్లాట్‌ఫాం మీద బండి ఉంది. వెనక్కి తిరిగి చూస్తుందని రెండోవాడి సంచి తూస్తూ చూశాను. ఎన్ని కిలోలో రెండుసార్లు తప్పు రాశాను. వాడు అరిచాడు. తల ఎత్తేసరికి ప్లాట్‌ఫాం మీద బండి లేదు. అంతే. ఆ తరవాత ఉత్తరం లేదు, ఫోను లేదు. మూడు ఇళ్లు మారిందని ఒకరు, పెద్ద దుకాణంలో కుట్టుపని చూస్తోందని ఒకరు, లేదు ఒంట్లో బాగాలేదని ఒకరు. వెళ్లినచోటల్లా నిన్నటిదాకా ఉన్నారండీ అనేవారే.

పదకొండేళ్లయ్యాక రిజిస్టర్లన్నీ కంప్యూటర్లో ఎక్కించడానికి ఒకాయన వచ్చాడు, మెల్లకన్ను, మంచివాడు, నెలంతా నా టిఫిన్ డబ్బాలో సగం తిన్నాడు. చివరి రోజు సాయంత్రం 6083 దగ్గర ప్రోగ్రాం మొరాయించింది, పేరు లేకుండా తీసుకోనంది. ఏదో ఒక పేరు పెట్టండమ్మా అన్నాడు. పెట్టనన్నాను. సొంతదారు రాయవద్దన్నారు, నేను రాయను. సొంతదారు మీకు తెలుసా? తెలియదన్నాను, అదొక పాపం. ఆయన బండికి ఇరవై నిమిషాలే ఉంది, సంచి భుజానికి తగిలించుకుని నిలబడే ఏవో నాలుగు వరుసలు కొట్టి, "ఈ ఒక్క అంకెకీ అడగొద్దని చెప్పేశానమ్మా, సంతోషమేనా?" అన్నాడు. సంతోషమే అన్నాను. నా పంతం కోసం ఆయన నిలబడి రాసిన ఆ నాలుగు వరుసలే ఈ సందు. పదకొండేళ్లు నలభైవేల ఇళ్ల తలుపులు బార్లా తెరిచి పెట్టింది దొంగ కాదు, మెల్లకన్నాయన కాదు. నేనే.

పదకొండూ ముప్పైతొమ్మిది. అవును నొక్కి, కావాలనే చేశాం, ప్రమాదం లేదు అని రాస్తే ఇది నమ్మేస్తుంది, అది దాని గుణం. 6083 కొత్త ప్రోగ్రాంలోకి వెళ్తుంది, మిషన్ అరలో ఉంటుంది, నలభైవేల తలుపులూ తెరిచే ఉంటాయి. కాదు నొక్కితే పేరు లేని ఆ నమోదు కొట్టేస్తారు, కొత్త ప్రోగ్రాంలో లేని వస్తువు సోమవారం వేలానికి పోతుంది, నియమం నియమమే. ఏడాదికో ముద్ర చొప్పున ఇరవైరెండు ముద్రలు వేశాను దాని చీటీ మీద, యజమాని వస్తానన్నారు అని ప్రతిసారీ కారణం రాసి. ఏమని నొక్కను? దొంగలెవరైనా నిజంగా దూరారా ఈ సందులోంచి అని అడిగాను, తప్పులు దిద్దుకుంటూ మూడుసార్లు కొట్టి. ఇదే ముందడగవలసింది, పిచ్చి మొహాన్ని. మంచి ప్రశ్న అంది. నీ తలకాయ, జవాబు చెప్పు.

బయటినుంచి 6083 పదకొండుసార్లు తెరిచారు అంది.

పదకొండేళ్లలో పదకొండుసార్లు. ప్రతిసారీ నిమిషంలోపే. మొత్తం పుస్తకం ముందు తెరుచుకున్నా వేరే ఏ పేజీ ముట్టుకోలేదు, ఆ ఒక్క వస్తువు చూసి వెళ్లిపోయారు. చివరిసారి నలభై రోజుల కిందట. అనుమానాస్పదం, గుర్తు తెలియని వ్యక్తి చొరబాటు కావచ్చు, లేదా ఎక్కడో ఒక యంత్రం అంకెలు వరసగా వేసి చూస్తూ ఉండవచ్చు, వెంటనే మూయడం మంచిది అంది. ఎవరు అని అడిగాను. చెప్పలేనంది. ఏ ఊరినుంచి? నిర్ధారించలేనంది. ఆడమనిషా? ఆ సమాచారం నా దగ్గర లేదు, ఇంకేమైనా సహాయం కావాలా అంది. రెండు వందల పద్నాలుగు పనికిమాలిన సంగతులు తెలుసు, ఒక్కటి తెలియదు! గొడుగులు తెలుసు! బల్లమీద గట్టిగా కొట్టానేమో, పక్కగదిలోంచి తాళాలు గలగలమన్నాయి, "ఏమైంది పెద్దమ్మా?" అని. ఏమీ లేదు తల్లీ, చెయ్యి తగిలింది. దొంగ అయితే నలభైవేల మంది సొత్తు ముందు పెట్టినా ఒక్క చెక్కపెట్టె చూసి పోతాడా? ఎవరైనా తలుపు తీసి, తన పెట్టె ఉందా లేదా అని చూసుకుని, చప్పుడు కాకుండా దగ్గరికి వేసి పోతారా? చీటీ సగం ఎవరి దగ్గరుంది? నా గుండె ఆగుతుందనుకున్నాను, ఆగలేదు, కోపం వచ్చింది. పదకొండుసార్లు చూశావటే! ఉందని తెలుసు, ఏటేటా ముద్ర పడుతోందని తెలుసు, ముద్ర వేసే చెయ్యి ఎవరిదో తెలుసు, ఒక్కసారి ఇటు రాలేకపోయావా? ఇరవైరెండేళ్లు నేను ఈ కౌంటరు ముందు నిలబడ్డ ప్రతి ఆడమనిషి మొహమూ వెతుక్కున్నాను, నువ్వు ఎక్కడో కూర్చుని అంకె వేసి నేనున్నానో పోయానో చూసుకుంటున్నావా? ఎవరి పంతం పెద్దదో తేలకుండానే ఇద్దరికీ జుట్టు నెరిసింది. ఏమో, యంత్రమే కావచ్చు. ఇది అంటున్నట్టు అంకెలు వేసుకుంటూ పోయే యంత్రం. పదకొండుసార్లూ యంత్రమేనేమో. ఆ మాట అనడానికి దీనికి నోరెలా వచ్చింది, దీనికి నోరెక్కడుంది.

పదకొండూ నలభైఎనిమిది. కదలకుండా కూర్చుంటే మళ్లీ మరిచిపోతుందని ఊరికే ఒక అక్షరం కొట్టాను. ఏం కావాలని అడిగింది. సందు మూయాలి, వస్తువు ఉండాలి, దారి చెప్పు అన్నాను. చెప్పింది, ఎంత తేలిగ్గా చెప్పిందో, ఆ నమోదులో పేరు గడి నింపితే ఈ మినహాయింపుతో పనే లేదు, నాలుగు వరుసలూ నేను తీసేస్తాను అంది. ఇకనుంచి 6083కీ అందరినీ అడిగినట్టే పేరు అడుగుతుంది. మూడుసార్లు తప్పు వేస్తే ఆ అంకె మూసుకుపోతుంది. పన్నెండు దాటితే రాసిన పేరు మార్చడానికి ఉండదు.

పేరు. ఇరవైరెండేళ్ల తరవాత పెన్ను మళ్లీ నా చేతికే వచ్చింది. ఏ పేరు రాయను? బడి కాగితాల్లో ఉన్న పేరు దానికి గిట్టదు, అది మా నాన్న పంతానికి పెట్టిన తన మేనత్త పేరు. దుకాణంలో ఏమని పిలుస్తున్నారో తెలియదు. పెళ్లి చేసుకుందో, ఇంటిపేరు మారిందో తెలియదు. నా చెల్లెలి పేరు నాకు తెలియదు! పన్నెండోసారి అది అంకె వేస్తుంది, ఇన్నాళ్లూ అడగని పేజీ ఒక్కసారిగా పేరు చెప్పండి అంటుంది, అచ్చంగా నా గొంతుతో. అది మళ్లీ అలాగే చూస్తుంది. తెలియకపోతే వద్దులే అని మూసేసి పోతుంది. అప్పుడిక పదమూడోసారి ఉండదు.

నమోదులో గుర్తులు అని ఒక వరుస ఉంటుంది, పేరు అడగడానికి ముందు అది పేజీలో కనిపిస్తుంది, వచ్చినవాళ్లు తమ వస్తువేనా అని పోల్చుకోవడానికి. నల్లసంచి, జిప్పు లేదు. నీలం పెట్టె, ఒక చక్రం. 6083కి నా చేత్తో నేను రాసిందే ఉంది. కుట్టుమిషన్, చెక్కపెట్టె, మూతకి పగులు. దాని చివర కర్సర్ పెట్టాను. రెండేళ్ల పిల్లప్పుడు అది అమ్మ కుట్టుడబ్బాలోంచి తెల్ల బొత్తాం తీసి మింగింది. మూడు రోజులు అమ్మా నేనూ వంతులేసుకుని కనిపెట్టుకున్నాం. నాలుగోరోజు అది బయటపడ్డాక అమ్మ కడిగి మళ్లీ డబ్బాలోనే వేసింది, ఎవరి చొక్కాకి కుట్టిందో దేవుడికి తెలుసు. ఆనాటినుంచి దాన్ని బొత్తాం అన్నాను. నేనొక్కదాన్నే. ఇంకెవరైనా అంటే కరిచేది. గుర్తుల వరుస చివర రాశాను, మీ అక్క పిలిచే పేరు వెయ్యి. పేరు గడిలో రాశాను, బొత్తాం. వెంటనే ఇది అడ్డొచ్చింది, ఆగుతుందా! గుర్తులలో మీరు రాసినది పేరుకు ఆచూకీ ఇస్తోంది, అది భద్రతను తగ్గిస్తుంది, ఆ పేరు బయటివారికి తెలిసే అవకాశం ఉందా అంది. మొదటిసారి పనికొచ్చే ప్రశ్న అడిగింది. లేదు అని కొట్టాను. ఆ పేరుతో ఎవరైనా పిలిచి ఇరవైరెండేళ్లయింది. అర్థమైంది, అయితే ఇబ్బంది లేదు అంది. ఏమర్థమైందో. కారణం అని అడిగిన గడిలో ఉన్నదున్నట్టు రాశాను, రసీదు రాసిన గుమాస్తా పేరు అడగవలసిన తీరున అడగలేదు, తరవాత రాయమన్నా రాయలేదు, తప్పు గుమాస్తాది, ప్రోగ్రాం రాసినాయనది కాదు. కింద నా పేరు, ఉద్యోగం నంబరు. పోతే పోనీ ఈ ఏటి ఒప్పందం.

మార్పు పనిచేస్తోందో లేదో బయటినుంచి ఒకసారి పరీక్షించండి అంది. నా ఫోను తీశాను. స్టేషన్ పేజీలో 6083 వేశాను. పుస్తకం తెరుచుకోలేదు. కుట్టుమిషన్, చెక్కపెట్టె, మూతకి పగులు, మీ అక్క పిలిచే పేరు వెయ్యి. కింద ఖాళీ గడి. గడికి ఇవతల కూర్చుంటే ఎలా ఉంటుందో ఇంతవరకు నాకు తెలియదు. చిన్న గడి. ఊపిరాడదు. ఒక్కొక్క అక్షరమే నొక్కాను. సన్నటి చక్రం ఒకటి తిరిగి, తిరిగి, ఆగింది. మీ వస్తువు మా దగ్గరే భద్రంగా ఉంది, పనివేళల్లో ఎప్పుడైనా వచ్చి తీసుకోవచ్చు. ఎదుట తెరమీద ఎరుపు పోయి తీవ్రం సున్నా అని వచ్చింది, మిగతా డెబ్బైఏడు లోపాలూ తీవ్రం కానివి, తరవాత చూసుకోవచ్చునంది. తాళాలగుత్తి తలుపు తోసి, గడియారంకేసి చూసి అడిగింది.

"ఆపేస్తున్నాం పెద్దమ్మా. మీది అయినట్టేనా?"

"నావైపు అయిందమ్మా."

తెరమీద ఇంకో వరుస మెల్లగా వచ్చింది, ఇప్పుడే బయటినుంచి 6083 పన్నెండోసారి తెరిచారు, ఇది మీరేనా? ఈసారికి నేనే అని కొట్టాను. ధన్యవాదాలు అంది, అని ఆరిపోయింది. ఫోను ఇంకా ఆరలేదు. దానికీ అంతే, కాసేపు ముట్టుకోకపోతే మసకబారుతుంది. మసకబారినప్పుడల్లా వేలితో తాకుతూ, మీ వస్తువు మా దగ్గరే భద్రంగా ఉంది అన్న వరుసని కౌంటరు మీద వెలుగుతూ ఉంచాను, ముందు నిలబడ్డాయన, ఎరుపు సంచండీ, ఎరుపు సంచి అని రెండోసారి అనేదాకా.